దారం కోసిందనుకున్నాం

తెల్లటి నూలు మీద ఎర్రటి చుక్కను ముందుగా చూసింది మా ఆయన.

మాది వరంగల్ కొత్తవాడ. మేమిద్దరం ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జంపఖానాలు నేస్తాం. ఎడమ సగం నాది, కుడి సగం ఆయనది. ఆ రోజు పొద్దున అంచు పని నడుస్తోంది. రంగు మార్చాల్సిన చోట ఎప్పటిలాగే నూలు కొసను పళ్ల మధ్య పెట్టి కొరికి తెంపాను. కొత్త రంగు అందుకునేలోపు ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏందే గది? నెత్తురా?"

"నెత్తురెక్కడిది, రంగు అంటి ఉంటది" అన్నాను. ఆ జంపఖానాలో ఎరుపు రంగే లేదని ఇద్దరికీ తెలుసు.

వేలు నోట్లో పెట్టి చూసుకున్నాను. ఎడమ చెంప లోపల, కింది చిగుళ్లను ఆనుకుని ఒకచోట గరుకుగా, కాస్త గట్టిగా తగిలింది. వేలు బయటికి తీస్తే తడి తడిగా ఎర్రగా ఉంది. నొప్పి మాత్రం లేదు. నొప్పి ఉండి ఉంటే ఆ రోజే ఏ డాక్టర్ దగ్గరికో పరుగెత్తేదాన్ని.

"దారం కోసింది" అన్నాడాయన. "అంతే, దారం కోసింది" అన్నాను నేను. నెత్తురంటిన పోగు తీసి పక్కన పడేసి మళ్లీ పనిలో పడ్డాం.

బయటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ మా పనిలో దారం కొయ్యడం మామూలు సంగతి. రంగు రంగుకూ కత్తెర తీసి, పెట్టి, మళ్లీ తీసే తీరిక ఎవరికుంటుంది? మాకు పళ్లే కత్తెర. నూలు జర్రున జారితే పెదవో, చిగురో, చెంప లోపలో కోసుకుంటుంది. మా అత్త కాలం నుంచి దానికి ఒకటే వైద్యం. పటిక నీళ్లు పుక్కిలించి, ఇంత వెన్న రాసుకోవడం. మూడు నాలుగు రోజుల్లో మానిపోతుంది. మా వాడలో అలా కోసుకోని నోరు ఒక్కటి కూడా ఉండదు. అందుకే నాకు ఫికర్ పుట్టలేదు. అప్పుడు బోనాల రోజులు. ఇంటి నిండా పని. పటిక నీళ్లు పుక్కిలించాను, వెన్న రాసుకున్నాను, ఆ సంగతి మరిచిపోయాను.

నేను మరిచిపోయినా అది నన్ను మరవలేదు. పచ్చిపులుసు పోసుకుంటే భగ్గుమని మండేది. నాకేమో కారం లేనిదే ముద్ద దిగదు. సరే అని కుడివైపు నమలడం మొదలుపెట్టాను. దారం కూడా కుడివైపు పళ్లతో కొరకడం నేర్చుకున్నాను. వాడలో ఉన్న ఆర్‌ఎంపీ డాక్టర్‌కు చూపిస్తే బీ కాంప్లెక్స్ గోళీలు, పూసుకోవడానికి ఒక జెల్ ఇచ్చాడు. జెల్ పూసినంతసేపు మొద్దుబారేది, తర్వాత మామూలే. మళ్లీ వెళ్తే వేరే గోళీలు మార్చాడు.

ఇక్కడ మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన పేరు రాజేశం. పనిమంతుడు, మాట మెత్తన, చెయ్యి చల్లన. కానీ గుట్కా లేకుండా మగ్గం ఎక్కడు. పెళ్లయిన కొత్తలో మొదలైన ఆ కొట్లాట ఏనాడూ తెగలేదు. "గా నోరు ఎప్పుడో ఒకనాడు కుళ్లుతది చూడు" అని శాపనార్థాలు పెట్టేదాన్ని. ఆయన నవ్వి, బుగ్గలో పొట్లం సర్దుకుని, "నీ నోటికన్న నా నోరు నయమే" అనేవాడు. నా నోటికి వాడలో పేరుంది లెండి. కొట్లాటకైనా, బతుకమ్మ పాటకైనా ముందు నా గొంతే లేవాలి.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు పాట ఎత్తుకుందామంటే నోరు పూర్తిగా తెరుచుకోలేదు. దవడ దగ్గర ఎవరో పట్టుకుని ఆపినట్టు అయింది. సగం నోటితోనే పాడి, అలసిపోయాననే సాకుతో పక్కకు జరిగాను. మా అమ్మాయి రమ్య ములుగులో అత్తగారింటి నుంచి పండుగకు వచ్చింది. పూజ అయ్యాక నా మెడకు పసుపు రాస్తూ రాస్తూ చెయ్యి ఆపింది. ఎడమ దవడ కింద మళ్లీ మళ్లీ తడిమింది.

"అమ్మా, గిదేంది? గింజ లెక్క తాకుతాంది."

"బిళ్ల కట్టి ఉంటది. నోట్ల పుండుకు బిళ్ల కట్టదా?"

"పుండా? ఎప్పటి సంది?"

"బోనాలప్పటి సంది. దారం కోసిందే, ఏం గాదు."

రమ్య ముఖం చూస్తే నాకు మొదటిసారి భయమేసింది. "బోనాలప్పటి పుండును ఇంకా దారం పుండే అంటానవా? బోనాలు పోయి బతుకమ్మొచ్చె! దసరా కాంగనే హనుమకొండకు పోతానం. బాపూ, నువ్వు గూడ రా" అంది.

హనుమకొండలో పెద్ద దవాఖానలోని పళ్ల విభాగానికి వెళ్లాం. అక్కడి లేడీ డాక్టర్ చిన్న వయసావిడ. మా ఇద్దర్నీ ఒకసారి చూసి, ఎర్రటి పెదవులున్న మా ఆయనతో, "రండి, కుర్చీలో కూర్చోండి, నోరు తెరవండి" అంది. ఆయన ఉలిక్కిపడి, "నేను గాదు మేడం! పేషెంట్ ఆమె" అని నా వెనక్కి జరిగాడు. నాకు నవ్వాగలేదు. "మేడం మంచిగనే గుర్తువట్టింది" అన్నాను. అదే నేను ఆ దవాఖానలో నవ్విన చివరి నవ్వు.

"అలవాట్లు ఏమైనా ఉన్నాయా అమ్మా? గుట్కా, జర్దా, పాన్?"

"నాకే అలవాటూ లేదు మేడం. తినేది అన్నం, తాగేది చాయ."

గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను, నేను అబద్ధమాడలేదు. నాకు తెలిసినంతలో అదే నిజం.

ఆవిడ టార్చి వేసి చాలాసేపు చూసింది. చెంపను అద్దంతో పక్కకు లాగి, గ్లవుజు వేసుకున్న వేలితో పుండు అంచును నొక్కింది. మెడ కింద తడిమింది. వచ్చినప్పటి చిరునవ్వు ఆవిడ ముఖంలో లేదు. పెద్ద డాక్టర్‌ను పిలిచింది. వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు చిక్కింది ఒక్క మాట, బయాప్సీ.

"చిన్న ముక్క తీసి టెస్టుకు పంపుతాం. ఇవాళే చేయించుకోండి. లేట్ చేయొద్దు" అంది.

ముక్క తీయడం అనగానే మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఇంటికి పోయి మాట్లాడుకుని వస్తం మేడం" అన్నాడు. రమ్య ఎంత మొత్తుకున్నా వినలేదు. నేను కూడా లేచి వచ్చేశాను. భయానికి తోడు దొరికితే ఎవరైనా లేచి వస్తారు.

ఇంటికి రాగానే ఎదురింటి సరోజనక్క వచ్చి కూర్చుంది. ఆమె మా వాడలో పెద్దమనిషి. పురుళ్లకూ పుణ్యాలకూ ముందుండే మనిషి. ముక్క కోస్తారట అనగానే రెండు చెవులూ మూసుకుంది.

"వద్దే పద్మా! కత్తి ముట్టిందంటే గది ఒళ్లంత పాకుతది. మా ఆడిబిడ్డకు గట్లనే కోసిన్లు. ఆర్నెల్లు గాలే, పాయె. నా మాట ఇను చెల్లె. ములుగు అవతల ఊర్ల పసరు పోస్తాండ్లట."

ఆమె ఆడబిడ్డ కోసినందుకు చనిపోలేదని, కోయించుకోవడానికి మరీ ఆలస్యంగా వెళ్లినందుకు చనిపోయిందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ మాట నా చెవికి మంచిగా వినిపించింది. మా ఆయన బస్సెక్కి వెళ్లి పసరు తెచ్చాడు. దూది ముంచి పుండు మీద పెట్టుకున్నాను. అబ్బా! నిప్పు కణిక పెట్టుకున్నట్టే. రెండు రోజులకు దవడ ఉబ్బింది, గంజి కూడా దిగలేదు. అయినా ఓర్చుకున్నాను. ఒక వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. పుండు తగ్గకపోగా అంచులు లేచి నిలబడ్డాయి, వాసన మొదలైంది. పొద్దున్నే పసరు సీసా తెచ్చి ముందు పెట్టిన మా ఆయనను చూసి నాకు తిక్క లేచింది. సీసా తీసి మోరీలో కుమ్మరించాను.

"సచ్చేదే ఉంటే ఏం రోగమో తెల్సుకునే సస్త. లే, ఆటో పిలువు."

బయాప్సీకి సూది ఇచ్చారు. ఆ తర్వాత నొప్పే తెలియలేదు. ఎన్నాళ్ల భయమో, పప్పు గింజంత ముక్క తీయడానికి. రిపోర్టు వచ్చిన రోజు అదే లేడీ డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి, తను కూడా స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. డాక్టర్లు స్టూలు లాక్కున్నారంటే మంచి మాట కాదని నాకు అప్పుడే అర్థమైంది.

"స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చిందమ్మా."

"జర తెలుగుల చెప్పు మేడం."

"క్యాన్సర్. నోటి క్యాన్సర్. సీటీ స్కాన్ చేస్తే ఎంతవరకు ఉందో తెలుస్తుంది. ట్రీట్‌మెంట్ ఉంది, భయపడొద్దు."

భయపడొద్దంటే భయం పోతుందా? బయటికి వచ్చాక వరండాలో నా భయమంతా కోపమైంది. మా ఆయన చొక్కా పట్టుకున్నాను. జనం చూస్తున్నారని కూడా లేదు.

"తిన్నది నువ్వు! ఇన్నేండ్లు నమిలింది నువ్వు! వచ్చింది నాకా? చెప్పు, నాకెట్ల వచ్చింది?"

ఆయన నోట్లో అప్పుడు కూడా గుట్కా ఉంది. నాకు జవాబు చెప్పాలంటే ముందు ఉమ్మి రావాలి. ఉమ్మడానికి కదలలేక, మింగలేక, బుగ్గ నింపుకుని అట్లాగే నిలబడిపోయాడు. రమ్య నన్ను పట్టుకుని విడదీసింది.

నాకెట్లా వచ్చిందో సీటీ స్కాన్ గది ముందు తెలిసింది. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదని సిస్టర్ చెప్పింది. గాజులు, పుస్తెలు, ముక్కుపుడక తీసి రమ్యకిచ్చాను. చివరికి రొంటిన చెక్కుకున్న చిన్న రేకు డబ్బా కూడా తీశాను. సిస్టర్ దాన్ని తీసుకుని మూత తెరిచి వాసన చూసింది.

"ఇదేందమ్మా?"

"పండ్లపొడి."

"పళ్లపొడి రొంటిన ఎందుకు పెట్టుకున్నావు?"

ఆ డబ్బాను సిస్టర్ నేరుగా నా కేసు చూస్తున్న సర్జన్ గారి బల్ల మీద పెట్టింది. ఆయన నెమ్మదస్తుడు. నల్లటి పొడిని వేలికి అద్దుకుని చూశాడు. "ఎన్నాళ్ల నుంచి పెడుతున్నావమ్మా?"

"పెండ్లయిన కాడి నుంచి సార్. పంటి నొప్పికి మా అత్త నేర్పింది. పొద్దుగాల తోముకుంట, అన్నం తిన్నంక జరంత పెట్టుకుంట, మగ్గం మీద కునుకు రాకుండ జరంత. మా దిక్కు ఆడోళ్లందరు పెట్టుకుంటరు. మంచిదే గద సార్?"

"ఎక్కడ పెట్టుకుంటావో చూపించు."

నా వేలు దానంతటదే లేచి ఎడమ చెంప లోపలికి పోయింది. రోజూ పోయే తోవ కదా. పుండు మీద ఆగాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. రమ్య "అమ్మా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది కాల్చి పొడి చేసిన తంబాకమ్మా. గుట్కా ఎంతో ఇదీ అంతే" అన్నాడు సర్జన్.

"మరి దారం కోసింది గద సార్?"

"దారం కోసిన గాయమే అయితే ఎప్పుడో మానిపోయేది."

అలవాట్లున్నాయా అంటే లేవని ఎందుకు చెప్పానా అని మీరు అడగొచ్చు. మా దగ్గర అలవాటు అంటే మగవాళ్లు చేసేది. ఆడవాళ్లు పెట్టుకునేది మందు. మా అత్త చేతి మీదుగా నేర్చుకున్నదాన్ని తంబాకు అని ఎవరు అనుకుంటారు?

స్కాన్‌లో ఎముక లోపలికి పోలేదని తేలింది. మెడలో ఒక బిళ్లకు మాత్రం పాకింది. సర్జన్ కాగితం మీద దవడ బొమ్మ గీసి చెప్పాడు. చెంప లోపలి భాగం, కింది దవడ ఎముక అంచు, మెడలో బిళ్లలు తీసేస్తారు. ఛాతీ నుంచి కండ తెచ్చి అతుకు వేస్తారు. ఆ తర్వాత రేడియేషన్. అతుకు పని మాకు తెలియనిది కాదు. ఎంత మంచిగా వేసినా అతుకు అతుకే అని కూడా తెలుసు.

"బతుకుతనా సార్?"

"ఇప్పుడు ఆపరేషన్ చేస్తే మంచి అవకాశం ఉంది. పుండు మొదలైనప్పుడే వచ్చి ఉంటే ఇంకా చిన్న ఆపరేషన్‌తో పోయేది. ఇకనైనా ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకండి."

ఆపరేషన్ అయ్యాక కళ్లు తెరిస్తే గొంతుకు ఒక గొట్టం, ముక్కులోంచి ఒక గొట్టం. ముఖం ఎవరిదో తగిలించినట్టుంది. మాట లేదు. నాకు, పద్మకు, మాట లేదు! కఫం అడ్డుపడి ఊపిరి ఆడకపోతే పిలవడానికి కూడా గొంతు లేదు. ఆ భయం పగవాడికి కూడా వద్దు.

మగ్గం మీద మాకొక పద్ధతి ఉంది. వరసను కిందికి దిగ్గొట్టడానికి ఇనుప పళ్లున్న దువ్వెనలాంటి పనిముట్టు వాడతాం, పంజా అంటాం. ఇద్దరి చేతులూ కలిసి నడవాలి కాబట్టి ప్రతిదానికీ మాటతో పని పెట్టుకోం. నేను పంజాతో ఒక దెబ్బ కొడితే నా వైపు అయిందని, వెంటవెంటనే రెండు కొడితే ఆగమని ఆయనకు తెలుసు. మంచం పక్కన స్టీలు చెంచా చేతికి తగిలింది. మంచం ఊచ మీద రెండు దెబ్బలు కొట్టాను. వార్డు తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన మెడ తిప్పి ఉరికొచ్చాడు. నా ముఖం చూసి, "సిస్టర్, ఊపిరాడ్తలేదు ఆమెకు!" అని కేకేశాడు. సిస్టర్ సక్షన్ పెట్టింది. ఆ రోజు నుంచి ఆ చెంచా నా చేతిలోంచి పోలేదు. ఇన్నేళ్లు ఆయనను తిట్టిన నోరు మూగబోతే ఆయన చెవులే నన్ను కాపాడాయి.

మెడ కుట్లలో చీము పట్టి జ్వరం వచ్చింది. కట్లు విప్పి మళ్లీ శుభ్రం చేశారు, ఇంటికి పంపడం ఆలస్యమైంది. గాయం మానాక రేడియేషన్ మొదలైంది. మా వైపు కరెంటు పెట్టుడు అంటారు. ముఖానికి జాలీ మాస్కు బిగించి బల్లకు కట్టేస్తారు, కదలకూడదు. అది నొప్పి పెట్టదు. నొప్పంతా తర్వాతే. నోరంతా పొక్కింది. ఉమ్మి ఎండిపోయింది. గంజి తాగితే ఇసుక మింగినట్టు. నోరు బిగుసుకుపోకుండా పళ్ల మధ్య ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి తెరిచే ఎక్సర్‌సైజు నేర్పారు. కన్నీళ్లు కారుతుంటే పుల్లలు పెట్టుకునేదాన్ని. ఒక పుల్ల ఎక్కువైన రోజు పండుగ.

ఇంత జరుగుతున్నా ఒక్కటి మాత్రం కదలలేదు. లేడీ డాక్టర్ కనబడినప్పుడల్లా మా ఆయనతో, "మీరు కూడా నోరు చూపించుకోండి" అనేది. ఆయన "మందులు తెస్త" అనో, "చాయ తెస్త" అనో మాయమయ్యేవాడు. నా ముందు గుట్కా తినడం మానేశాడు. కానీ నా రుచి పోయింది గానీ ముక్కు పోలేదు కదా. చొక్కా దగ్గరికి వస్తే ఆ వాసన తెలిసేది.

ఒకరోజు కరెంటు గది ముందు నా పేరు పిలిచారు. నేను బెంచీ మీద నుంచి లేవలేదు.

"పద్మా, పిలుస్తాండ్లు, లే."

"పోను" అన్నాను. అప్పటికి మాట ముద్దముద్దగా వస్తోంది. "నువ్వు నోరు చూపిచ్చుకుంటెనే పోత."

"ఇయ్యాల కాదే. ముందు నీది కానియ్యి."

"ఇయ్యాలనే."

టెక్నీషియన్ బయటికి వచ్చాడు. "అమ్మా, మధ్యలో ఆపితే చేసినదంతా వేస్ట్ అవుతుంది. రండమ్మా" అన్నాడు. రమ్య బతిమాలింది. ఆపితే ఏమవుతుందో సర్జన్ ముందే చెప్పాడు. అయినా బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన నా ముందు గొంతుకూర్చున్నాడు. జనం ముందు ఎప్పుడూ గొంతెత్తని మనిషి, భోరుమన్నాడు.

"నాగ్గూడ ఉన్నదంటే నిన్నెవరు చూస్తరే? నాకు భయమైతాంది పద్మా. నీకు తిండి ఎవరు పోస్తరు?"

అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఆయన మొండితనం వెనక ఉన్నది ఇదని. కోపం ఎటు పోయిందో పోయింది.

"నువ్వు పోతె నన్నెవరు చూస్తరు?" అన్నాను. "నాకు బోనాలప్పుడే ఎవ్వలు చెప్పలే. నీకిప్పుడు చెప్తానరు. పో."

రమ్య ఆయన చెయ్యి పట్టుకుని లేడీ డాక్టర్ గదికి తీసుకుపోయింది. వాళ్లు మూల మలుపు తిరిగే దాకా చూసి నేను లోపలికి వెళ్లి బల్ల మీద పడుకున్నాను. మాస్కు బిగించారు. ఆ పూట కరెంటు ఎంతసేపు పెట్టారో తెలియదు, నా ప్రాణమంతా ఆ గది దగ్గరే ఉంది.

బయటికి వస్తే ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టమంటే రెండే పట్టాయట. కుడి చెంప లోపల తెల్లటి మచ్చ. లేడీ డాక్టర్ నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. "దీన్ని ల్యూకోప్లేకియా అంటారు. చూస్తే క్యాన్సర్‌లా లేదు, బయాప్సీ చేసి నిర్ధారించుకుందాం. గుట్కా మాత్రం ఈ రోజుతో ఆపెయ్యాలి. ఆపకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, మీ పక్కనే ఉన్నారు."

మా ఆయన జేబులోంచి పొట్లాల దండ తీసి డస్ట్‌బిన్‌లో వేశాడు. "కొయ్యున్లి మేడం" అన్నాడు. రిపోర్టు వచ్చేదాకా ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. క్యాన్సర్ లేదని వచ్చింది. ఆ రోజు రమ్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది, నేను పుల్లలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి ఏడవడానికి కూడా లేదు.

ఆయన ఒక్కసారితో మానేశాడంటే అబద్ధం. ఒక పెళ్లిలో దోస్తులు పెడితే తిన్నాడు. ఇంటికొచ్చాక నా చేతిలో ఏం జరిగిందో ఇక్కడ రాయడం బాగుండదు. ఆ తర్వాత లేదు. ఇప్పుడు బుగ్గలో సోంపు ఉంటుంది. ఆ మచ్చను ఇప్పటికీ క్రమంగా చూపించుకుంటున్నాడు.

నేను మళ్లీ మగ్గం ఎక్కాను. చెకప్‌లకు పోయి వస్తున్నాను, ఇప్పటిదాకా ఏమీ కనబడలేదు. ప్రతి చెకప్‌కు ముందు రోజు అన్నం సయించదు. ఎడమ చెంప లోపలికి పోయింది, పెదవి అంచున ఉమ్మి కారితే నాకు తెలియదు. బస్సులో జనం చూస్తారు, చూడనీ. పెరుగన్నం, మెత్తటి పప్పు నా తిండి. పక్కింట్లో పచ్చిమిరపకాయలు వేయించిన వాసన వస్తే మాత్రం ఏడుపొస్తుంది. బతుకమ్మ పాట ఇప్పుడు వేరేవాళ్లు ఎత్తుకుంటారు, నేను చప్పట్లు కొడతాను. మగ్గానికి రెండు వైపులా రెండు చిన్న కత్తెరలు దారంతో కట్టి వేలాడదీశాం. పళ్లతో నూలు కొరకడం బంద్.

అమావాస్య నాడు మా నేతవాళ్లు మగ్గం ముట్టరు. ఆ రోజు మా గడపలో అద్దం, ఫోన్ టార్చి పెట్టుకుని కూర్చుంటాను. వాడలో ఆడవాళ్లు చేతులు కడుక్కుని వస్తారు. చెంపలు లాగి, నాలుక పైకెత్తి, పక్కలకు తిప్పి, పెదవుల లోపల ఎవరి నోరు వాళ్లే చూసుకుంటారు. నేను వెలుతురు పడతాను. నేను డాక్టర్‌ను కాను. తెల్లటి మచ్చో, ఎర్రటి మచ్చో, మానని పుండో కనబడితే హనుమకొండకు తోలడమే నా పని. మొదట్లో నవ్వారు. "పద్మ అమావాస్య అమావాస్యకు కోరలు లెక్కపెడ్తాంది" అన్నారు. అననీ. ఇద్దరు ముగ్గురు తమ డబ్బాలు తెచ్చి నా ముందే మోరీలో కుమ్మరించారు.

పోయిన అమావాస్య నాడు అందరూ వెళ్లాక సరోజనక్క వచ్చింది. ఇన్ని రోజులూ తన గడపలో కూర్చుని చూసిందే గానీ రోడ్డు దాటలేదు. వచ్చి మెల్లగా కూర్చుంది.

"జర నాది గూడ చూడే" అంది.

అద్దం ఇచ్చి టార్చి వేశాను. నాలుక పక్కన, వెనకగా, అంచులు లేచిన పుండు.

"ఎప్పటి సందక్కా?"

"ఉగాది ముందటి సంది. ఏం లేదే, దారం కోసింది."

"అక్కా," అన్నాను, "నువ్వు మగ్గం దిగి ఎన్నేండ్లాయె? దారమెక్కడిది?"

ఆమె చెయ్యి రొంటి మీదికి పోయి డబ్బా దగ్గర ఆగింది. "ముక్క కోస్తరా?" అని అడిగింది.

"కోస్తరు."

"పాకుతదేమో పద్మా..."

నేను ఆమె చెయ్యి తీసుకుని నా లోతుకు పోయిన చెంప మీద పెట్టుకున్నాను. "నాకు కోసిన్లు. నీ ముందటనే కూసున్న."

తెల్లారి ఆటోలో హనుమకొండకు వెళ్లాం. మా ఆయన ముందు సీట్లో, మేమిద్దరం వెనక. బయాప్సీ గదిలోకి వెళ్లేముందు డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. రిపోర్టు ఇంకా రాలేదు. అందులో ఏముంటుందో నాకు తెలియదు, రోజూ పొద్దున ఆమె గడప వైపు చూడటానికి భయంగా ఉంది. కానీ ఆమె రోడ్డు దాటి వచ్చింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీరు పని చేసే చోట కూడా ఒక దారం ఉంటుంది. వంకర పన్ను గుచ్చుకుందనో, వేడి చాయ కాలిందనో, వేడి చేసిందనో అంటారు. నిజమే కావచ్చు. అయినా నోట్లో పుండు రెండు వారాలు దాటి మానకపోతే, నొప్పి లేకపోయినా, మీకు ఏ అలవాటూ లేదని మీరనుకున్నా, వెళ్లి డాక్టర్ ముందు నోరు తెరవండి. రొంటిన డబ్బా ఉంటే అది కూడా తీసుకెళ్లి బల్ల మీద పెట్టండి.